పక్షములు, కక్షలు

పక్షమను శబ్దమునకు మన ప్రాచీనులు పెక్కర్థములు చెప్పిరి. అందు మూడు ముఖ్యములు. పక్షి రెక్క పక్షము. మాసమున సగపాలు పక్షము. వాదమున నొక వైపు పక్షము. ఈ మూడర్థములందును సమానముగా నున్న లక్షణ మొకటి కలదు. పక్షము ఎన్నడును ఏకాకి కాదు. ఒంటిరెక్కతో పక్షి యెగురజాలదు. కృష్ణపక్షము లేక శుక్లపక్షము లేదు. పూర్వపక్షమును న్యాయముగా నిరూపింపనివాని సిద్ధాంతమును మన తార్కికులు సిద్ధాంతముగా నెంచలేదు. ఆంగ్లేయుల పార్టీ శబ్దమునకు రాజకీయపక్షమని పేరుపెట్టినవారు ఇదంతయు తలచి పెట్టిరో లేదో కాని, ఆ పేరు చక్కగా అమరినది.

అయితే కర్నూలు, కడప మండలముల పల్లెలలో ఆ ఆంగ్లశబ్దమే మఱియొక యర్థమున వాడుకకు వచ్చినది. "ఆ యూర పార్టీలున్నవి" అని ఇచ్చటివారన్నచో, అచ్చట కాంగ్రెసువారును కమ్యూనిస్టులును కలరని భావము కాదు. ఇద్దరు పెద్దలు ఊరిని రెండుగా చీల్చుకొనిరనియు, ఒక వైపువారు రెండవ వైపువారి వీధిని నడువరనియు, ఒకరి యింటి పెండ్లికి మఱియొకరు పోరనియు భావము. దీనికే కక్ష యని పేరు. పక్షమునకును కక్షకును వినుటకు భేదము స్వల్పము. ఫలమున మాత్రము ఆకాశపాతాళముల యంతరము. పక్షము ఎదుటివాని నోడింపగోరును. కక్ష ఎదుటివాడే లేకుండవలెనని కోరును. మన సీమలో రాజకీయపక్షము లెట్లు పుట్టినవి, ఎప్పుడు నిజముగా పక్షములై మెలగినవి, ఎప్పుడు కక్షలకు వాహనములైనవి యను చరిత్రమును సంగ్రహముగా విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

మొదట ఈ భూమి సంగతి కొంత చెప్పవలెను. 1800లో నైజాము ప్రభువు తనకడ నుంచిన ఆంగ్లసైన్యపు ఖర్చుక్రింద ఈ ప్రాంతమును తూర్పుఇండియా కంపెనీకి వదలుకొనుటచే దీనికి దత్తమండలములని పేరు కలిగెను. కర్నూలు నవాబు సంస్థానము మాత్రము 1839 వఱకు నిలిచి పిదప కంపెనీ వశమయ్యెను. థామస్ మన్రో 1800 మొదలు 1807 వఱకు ముఖ్య కలెక్టరుగా నుండి పాలెగాండ్ర నణచి రయితువారీ పద్ధతిని నెలకొల్పెను. 1846-47లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేపిన తిరుగుబాటుతో పాలెగాండ్ర యుగము ముగిసినదనవచ్చును. 1860 తరువాత మద్రాసు ఇరిగేషన్ కంపెనీ యను ప్రైవేటు సంఘము సుంకేసులకడ తుంగభద్రకు ఆనకట్ట కట్టి కర్నూలునుండి కడపకు కాలువ త్రవ్వెను. ఆ సంఘము నష్టపడగా 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. కాలువ యుండియు 1876-78 నాటి ధాతకరువు ఈ మండలముల వేలకొలది కుటుంబములను తుడిచిపెట్టెను.

నేటి కక్షలకు పాలెగాండ్ర రక్తమే మూలమని పెక్కురు చెప్పుదురు. ఇది మాకు సమ్మతము కాదు. పాలెగాండ్రు మధుర, తిరునెల్వేలి సీమలలోను ఉండిరి. అచ్చట ఇట్టి కక్షలు ఈ రూపమున పెరుగలేదు. మా యభిప్రాయమున మూలము కొఱతయే. డెల్టాలో కాలువ నీరు వరుస తప్పక పొలముపొలమునకు పారును. పొరుగువానితో సఖ్యము లేకున్నను పైరు పండును. ఇచ్చట చెరువు తూము, వంక మళ్లింపు, బావి వాటా, బీడు, మేత అన్నియు పెద్దమనుష్యుని మాటపై నడచినవి. రెడ్డి, కరణముల యుద్యోగములు 1984 వఱకు నుండుటచే ఊరి కాగితము ఎవనిచేత నుండునో వానిదే ఊరు. కొఱతగల చోట అధికారము అలంకారము కాదు, అన్నము. ఇట్టి నేలలో వచ్చి పడిన రాజకీయపక్షము ఇతర చోట్లవలె మొలకెత్తదని మొదటనే గుర్తింపవలెను.

మద్రాసు రాజధానిలో నిజమైన పక్షరాజకీయము 1916తో ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరము పిట్టి త్యాగరాయశెట్టి గారు, డాక్టరు టి.ఎం. నాయరు గారు, డాక్టరు నటేశ మొదలియారు గారు మొదలగువారు చేరి స్థాపించిన సంఘము తన ఆంగ్లపత్రిక పేరిట జస్టిసు పార్టీ యని ప్రసిద్ధి చెందెను. బ్రాహ్మణేతరులకు ఉద్యోగములలోను విద్యలోను న్యాయమగు భాగము కావలెనని దాని వాదము. ఆ వాదమునకు ఆధారము లేకపోలేదు. నాటి యుద్యోగుల పట్టికలను చూచినవారెవ్వరును కాదనజాలరు. 1920లో క్రొత్త చట్టము క్రింద మొదటి యెన్నికలు జరుగగా కాంగ్రెసు వానిని బహిష్కరించెను. జస్టిసు పక్షము మంత్రివర్గ మేర్పఱచెను. అప్పటి ఓటర్ల సంఖ్య నాలుగుకోట్లు దాటిన రాజధాని ప్రజలలో సుమారు పండ్రెండున్నర లక్షలు మాత్రమే. శిస్తును పన్నును చెల్లించువారికే ఓటు. 1921లో స్త్రీలకు ఓటుహక్కు నిచ్చుటకు ఆ శాసనసభ తీర్మానించి దేశమునకు మార్గము చూపెను. కాని ఆస్తి తన పేర గల స్త్రీ లెందఱు?

పానగల్లు రాజా రామరాయణింగారు 1921 మొదలు 1926 వఱకు ముఖ్యమంత్రిగా నుండిరి. 1923లో ఆయనపై అవిశ్వాసతీర్మానము తెచ్చినవారు చిత్తూరు మండలపు కట్టమంచి రామలింగారెడ్డి గారు. సాహిత్యవిమర్శకులుగాను ఆంధ్రవిశ్వకళాపరిషత్తు మొదటి ఉపాధ్యక్షులుగాను మన పాఠకు లెఱిగిన వీరే అంతకుముందు జస్టిసు పక్షమువారు. తీర్మానము 44 ఓట్లకు 65 ఓట్ల చొప్పున వీగిపోయెను. మన దేశపు శాసనసభలలో వచ్చిన తొలి యవిశ్వాసతీర్మానములలో నిది యొకటి. ఓడినవారు మఱునాడు సభకు వచ్చిరి; గెలిచినవారు వారిని విన్నారు. పక్షధర్మమునకు ఇదియే లక్షణము.

పట్టణమున నిట్లు నడుచుచుండగా పల్లెలో వేఱు కథ నడచెను. నాటి మంత్రులచేత నున్న ముఖ్యమగు శాఖ స్థానికస్వపరిపాలనము. తాలూకా బోర్డులలోను జిల్లా బోర్డులలోను సభ్యులను అధ్యక్షులను నియమించు నధికారము వారిచేత నుండెను. రోడ్డు కంట్రాక్టు, పాఠశాల మంజూరు, సత్రపు ధర్మకర్తృత్వము ఆ మార్గముననే వచ్చెడివి. కావున మద్రాసున నెవరు గెలిచినను వారి జెండాను ఊరిలో ముందుగా పట్టుకొన్నవాడు బోర్డును పట్టుకొనెను. వాని యెదుటి యిల్లు సహజముగా రెండవ జెండాను పట్టుకొనెను. సిద్ధాంతమును చూచి పక్షము నెన్నుకొనుట కాదు, పగవాడు చేరని పక్షమును చూచి చేరుట యను నాచార మిచ్చటనే పుట్టినది. అది నేటికిని పోలేదు.

కాంగ్రెసు చరిత్ర ఇచ్చట మఱియొక రీతిది. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు తమ పత్రికారచనకై 1908లోనే కారాగారమున కేగిరి; పిదప గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును జీవితము నర్పించిరి. అట్టివారి కాంగ్రెసు కక్షలకు పైన నుండెను. కాని ఆంధ్రోద్యమము పెరిగినకొలది దత్తమండలములవారికి కోస్తావారియెడ సంశయము పెరిగెను. ఇంగ్లీషుచదువు, పత్రికలు, ధనము డెల్టాలోనే యుండుటచే రాష్ట్రము వచ్చినను ఫలము వారిదే యగునని భయము. 1926లో స్థాపితమైన ఆంధ్రవిశ్వవిద్యాలయమున చేరక ఈ మండలముల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయముననే నిలుచుట ఆ భయమునకు మొదటి గుర్తు. 1928లో నంద్యాలలో ఆంధ్రమహాసభ కూడినపుడు దత్తమండలము లను బానిసపేరు మాని రాయలసీమ యను పేరు పెట్టవలెనని చిలుకూరి నారాయణరావు గారు సూచింపగా సభవా రంగీకరించిరి. పేరు మారినది, భయము మారలేదు.

ఆ భయమును తీర్చుటకే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగు భవనమున ఒడంబడిక జరిగెను. కోస్తా వైపున భోగరాజు పట్టాభిసీతారామయ్య, కొండ వెంకటప్పయ్య గార్లు, సీమ వైపున కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు గార్లు మొదలగువారు సంతకములు చేసిరి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటిలో పదియేండ్లవఱకు రాయలసీమకును నెల్లూరికిని మొదటి హక్కు, అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము, రాజధాని హైకోర్టులలో నొకదానిని కోరుకొను స్వేచ్ఛ రాయలసీమకు, అని ముఖ్యాంశములు. నిజమునకు ఈ పత్రము రెండు పక్షముల నడుమ వ్రాయబడినది కాదు. ఇరువైపులవారును కాంగ్రెసువారే. మాట తప్పినచో నిలదీయుటకు వెలుపల నెవ్వరును లేరు. రెండవ పక్షము లేనిచోట ఒప్పందమునకు సాక్షి యుండడు. శ్రీబాగు చరిత్రమంతయు ఈ యొక్క లోపముననే యిమిడియున్నది.

1937 ఎన్నికలలో కాంగ్రెసు 215 స్థానములలో 159 గెలిచి రాజగోపాలాచారి గారి నాయకత్వమున మంత్రివర్గ మేర్పఱచెను. ఆ మంత్రివర్గము చేసిన పనులలో మన గృహములకు సన్నిహితమైనది మద్యనిషేధము. 1937లో సేలము జిల్లాలో దాని నారంభించి, 1938 అక్టోబరులో చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసిరి. అనగా కడప రాజధానిలో మొట్టమొదట కల్లుదుకాణములు మూయబడిన జిల్లాలలో నొకటి. ఎక్సైజు రాబడి పోవుటచే అమ్మకపుపన్ను వచ్చినది. యుద్ధకాలమున గవర్నరు పాలనలో నిషేధము సడలెను; 1948లో రాజధాని యంతటికిని వచ్చెను. ఈ విషయము నిచ్చట జ్ఞాపకముంచుకొనవలెనని పాఠకులను కోరుచున్నాము. పదునాఱేండ్ల తరువాత ఇదియే కర్నూలులో నొక ప్రభుత్వమును కూల్చినది.

స్వాతంత్ర్యానంతరము 1951లో ఆంధ్ర కాంగ్రెసు చీలెను. అధ్యక్షపదవి పోటీలో ఆచార్య రంగా గారు నీలం సంజీవరెడ్డి గారిచేతిలో స్వల్పమగు తేడాతో నోడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. ప్రకాశము పంతులు గారును కాంగ్రెసును వదలి కృపలానీ గారి కిసాన్ మజ్దూర్ ప్రజాపక్షమున చేరిరి. 1952లో వయోజనులందఱికిని ఓటు వచ్చెను. ఒక్కొక్క యభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టెపై గుర్తు. కాడెద్దులు, కంకి కొడవలి, గుడిసె మొదలగు గుర్తులను చూచి, అక్షరము రాని అవ్వలు తెరచాటున తమకు తోచిన పెట్టెలో చీటి వేసిరి. తాతముత్తాతల నాటినుండి వారి యభిప్రాయము నెవ్వరును అడిగియుండలేదు. ఫలితములను చూచి పెద్దలు దిగ్భ్రమ చెందిరి. ఆంధ్రప్రాంతపు 140 స్థానములలో కాంగ్రెసునకు వచ్చినవి సుమారు 40; కమ్యూనిస్టులకు 41. అనంతపురమున సంజీవరెడ్డి గారే కారాగారముననున్న కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి గారిచేతిలో నోడిపోయిరి. నాగిరెడ్డి గారు సంజీవరెడ్డి గారి సతీమణికి సోదరులు. బావమఱదులు ఎదురెదుట నిలిచిరి, ఒకరు గెలిచిరి, ఒకరు ఓడిరి. ఇల్లు కూలలేదు, ఊరు తగులబడలేదు. ఓడినవారు నాలుగేండ్లకు ముఖ్యమంత్రియై 1977లో రాష్ట్రపతియు నైరి. కక్షలకు పేరుపడిన సీమలోనే పక్షధర్మ మెంత నిర్మలముగా నడువగలదో చూపుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

కడప లోకసభ స్థానము సంగతియు నిట్టిదే. 1952లోను, మరల 1962, 1967, 1971లలోను కడపవారు కమ్యూనిస్టు పక్షపు యెద్దుల ఈశ్వరరెడ్డి గారిని పంపిరి. 1967లోనే పొరుగు కర్నూలువారు స్వతంత్రపక్షపు గాదిలింగన గౌడు గారిని పంపిరి. రాజాజీ, రంగా గార్లు 1959లో స్థాపించిన స్వతంత్రపక్షము కమ్యూనిస్టులకు కేవలము విరుద్ధము. ఒకే నేల, ఒకే కరువు, ఒకే పంట, ఒకే యెన్నిక, తీర్పులు రెండు. సీమవారికి కక్ష తప్ప సిద్ధాంతము తెలియదనువారు ఈ లెక్కలను చూడవలెను.

పొట్టి శ్రీరాములు గారి ప్రాణత్యాగానంతరము 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించి, శ్రీబాగు మాట ననుసరించి కర్నూలు రాజధాని యయ్యెను. కచ్చేరీలకు ఇండ్లు చాలక గుడారములు వేసిరి. ఆ గుడారముల పట్టణమున కూడిన శాసనసభలో ఏ యొక్క పక్షమునకును సంపూర్ణమగు బలము లేదు. కాంగ్రెసు, కమ్యూనిస్టు, ప్రజాసోషలిస్టు, కృషికార్ లోక్ పక్షములును స్వతంత్రులును కలసి మెలసి విడిపోవుచుండిరి. ప్రకాశము పంతులు గారు ప్రజాసోషలిస్టు పక్షమును వీడి కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రి యైరి. సంజీవరెడ్డి గారు ఉపముఖ్యమంత్రి.

అప్పుడు మద్యనిషేధప్రశ్న వచ్చినది. నిషేధము అమలు చెడినదనియు, దొంగసారా పెరిగినదనియు, దానిని ఎత్తివేయవలెననియు ఎస్.వి. రామమూర్తి గారి విచారణసంఘము చెప్పెను. కల్లుగీతపై బ్రదుకు కుటుంబముల దుఃఖము నిజమైనది. గౌతు లచ్చన్న గారు వారి పక్షమున నుద్యమము నడపిరి. ప్రభుత్వమో నిషేధమును వదలలేదు, సరిగా నడుపనులేదు. 1954 నవంబరు 6న తీర్మానము ఓటునకు రాగా ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గము కూలెను. పదుమూడు నెలలు నిండిన క్రొత్తరాష్ట్రము రాష్ట్రపతి పాలనలోనికి పోయెను. పంతులు గారు ఆ యొక్క ఓటును కొనుటకుగాని బెదరించుటకుగాని చూడక దిగిపోవుట వారి కీర్తికి తగియున్నది. కాని కూల్చినవారిలో నిషేధమును గూర్చి ఏకాభిప్రాయము గలవారు కొందఱే. పడగొట్టుటకు కలిసినవారు నిలువబెట్టుటకు కలువలేదు. బహుపక్షరాజకీయమునకు సహజమగు దౌర్బల్యమిది. మద్యముచే నలిగిన యిల్లాండ్రను గాని, గీతపనివారి యిల్లాండ్రను గాని ఆ సభలో అడిగినవారు లేరు.

1955 ఫిబ్రవరి యెన్నికలు దీనికి ప్రత్యుత్తరము. కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశము గారి ప్రజాపార్టీ ఒక్క కూటమి కట్టెను. 196 స్థానములలో కాంగ్రెసునకు 119, కృషికారులకు 22, ప్రజాపార్టీకి 5, మొత్తము 146 వచ్చెను. నూటికి 31 ఓట్లు తెచ్చుకొన్న కమ్యూనిస్టులకు దక్కినవి 15 స్థానములు మాత్రమే. ప్రజాసోషలిస్టులకు 13, స్వతంత్రులకు 22. కాంగ్రెసు ఓట్లు నూటికి సుమారు 39. ఈ సంఖ్య నొక తడవ పట్టి చూడుడు. 2024లో ఆంధ్రప్రదేశ శాసనసభకు జరిగిన యెన్నికలలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమునకును నూటికి సుమారు 39 ఓట్లే వచ్చినవి. స్థానములు 175లో 11. అంతకు అయిదేండ్ల ముందు ఆ పక్షమే 151 గెలిచినది. అవే 39 ఓట్లు ఒకప్పుడు సింహాసనము, ఒకప్పుడు శూన్యము. ఎదుటివారు చీలిరా, కలిసిరా యనుటపై నున్నది భేదము. కావున స్థానముల లెక్కను చూచి ఒక పక్షము ప్రజలలో లేదనుకొనుట గొప్ప పొరపాటు. సభలో పదునొకండుగురే యున్నను వారి వెనుక పదిమందిలో దాదాపు నలుగురు నిలిచియున్నారు. ఈ సంగతి మఱచిన విజేత ఎదుటి పక్షమును కక్షగా చూడజొచ్చును. ఓడినవాడును అట్లే మారును.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ మేర్పడగా రాజధాని హైదరాబాదునకు పోయెను. గుంటూరునకు వచ్చిన హైకోర్టును పోయెను. శ్రీబాగు పత్రము కాగితమై మిగిలెను. 2014 విభజన తరువాత ఆ చర్చ మరల లేచి, 2020లో కర్నూలును న్యాయరాజధానిగా చేయు చట్టము వచ్చి, 2021లో ఉపసంహరింపబడెను. ఎనుబదియేండ్ల కాలమున పక్షములన్నియు ఆ మాటను ఎన్నికలవేళ జ్ఞాపకము చేసికొనినవే.

ఇక కక్షల కథ. 1955 తరువాత చాలకాలము కాంగ్రెసు ఒక్కటియే యధికారమున నుండుటచే ఊరి రెండు కక్షలును ఆ పక్షముననే యిమిడినవి. టిక్కెట్టు దొరకినవాడు కాంగ్రెసు, దొరకనివాడు స్వతంత్రుడు. 1959లో పంచాయతీసమితులు వచ్చి పోటీకి క్రొత్త బహుమాన మొకటి చేర్చెను. 1982 మార్చి 29న తెలుగుదేశము పుట్టి తొమ్మిది నెలలలో 294 స్థానములకు 201 గెలిచినపుడు, పెక్కుచోట్ల ఒక కక్ష కాంగ్రెసుననే నిలువగా రెండవది క్రొత్త పక్షమున చేరినది. పేరునకు ఇరుపక్షరాజకీయము, లోపల పాత పగ. ఆ తరువాతి రెండు దశాబ్దములలో నాటుబాంబుల చప్పుడు విననిది అరుదు. పొలములు బీడుపడినవి, మగవారు ఊళ్లు విడిచిరి, విధవలు బిడ్డలను తీసికొని పుట్టిండ్లు చేరిరి. నాయకులు కొందఱు పక్షములు మార్చి ఒక్క వేదికపై కూర్చుండిరి. వారి పేరిట చచ్చినవారు తిరిగి రాలేదు. సుందోపసుందుల కథ మనవారు ఊరక చెప్పలేదు.

అయితే పక్షములే వద్దనరాదా, ఊరంతయు ఏకమాటగా నుండరాదా యని కొందఱు సజ్జనులు అడుగుదురు. దీనికి దూరదేశపు చరిత్ర మొకటి సమాధానము చెప్పుచున్నది. పశ్చిమ ఆఫ్రికాలో గోల్డుకోస్టు దేశము 1957 మార్చిలో స్వతంత్రమై ఘనా యను పేరు దాల్చెను. క్వామే ఎన్‌క్రూమా గారి పక్షము మూడు సాధారణ యెన్నికలు గెలిచి అధికారమున నుండెను. కోకో పండించు అశాంటి సీమవారు 1954లోను, ఉత్తరపు ఎండు సీమవారును తమతమ ప్రాంతములకు అన్యాయము జరుగుచున్నదని వేఱు పక్షములు పెట్టిరి. 1957 డిసెంబరులోనే ప్రాంతమునుబట్టి, జాతినిబట్టి, మతమునుబట్టి పక్షము లుండరాదని చట్టము వచ్చెను. ఐకమత్యమునకే యని దాని కారణము. చిన్న పక్షములు చేరి ఒక్క సంయుక్తపక్ష మయ్యెను. దాని నాయకులు పలువురు విచారణ లేకయే చెఱసాల కేగిరి. 1964లో ఏకపక్షరాజ్యమని ప్రజాభిప్రాయము పేరిట శాసనమయ్యెను. 1966 ఫిబ్రవరిలో సైన్యము ఆ ప్రభువును తొలగించెను. ఎదుట నిలిచి మాటలాడువారు లేనిచోట మార్పు తుపాకితోనే వచ్చును. అదే ఘనాలో 1992లో బహుపక్షపద్ధతి మరల స్థాపింపబడి, 2000 డిసెంబరు యెన్నికలలో నధికారపక్ష మోడి నెమ్మదిగా దిగిపోయెను. అప్పటినుండి రెండు పెద్ద పక్షములు పలుమార్లు పదవిని ఒండొరులకు అప్పగించుకొన్నవి. దోషము పక్షములందు లేదు. పక్షమును పగగా నెంచుటయందున్నది.

మన యూళ్లలోని ఏకగ్రీవపు టెన్నికలను ఈ దృష్టితో చూడవలెను. సర్పంచి యెన్నికలు చట్టరీత్యా పక్షరహితములు. పోటీ లేక యెన్నిక జరిగిన గ్రామములకు ప్రభుత్వములు పారితోషికములు ప్రకటించుట పరిపాటి. పదికంఠములు ఒక్క కంఠమగుట వినుటకు ముచ్చటగానే యుండును. కాని కక్షలుగల గ్రామమున నామినేషను వేయుటకు వచ్చినవాడు దారిలోనే మరలిపోయిన యెడల అది ఐకమత్యము కాదు, మౌనము. నిజమైన ఏకగ్రీవము నెవ్వరును కాదనరు. పోటీచేయదలచినవాడు ఒక్కడైనను భయపడి మానుకొన్నచో ఆ పారితోషికము భయమునకు కట్టిన వెలయే.

మద్యనిషేధపు కథకు శేషము చెప్పి ముగింతుము. 1969లో ప్రభుత్వము నిషేధమును వదలెను. సారాపాటలు ఊరూర పుట్టి, కంట్రాక్టు ధనము రెండు కక్షలను పోషించెను. 1991-92లో నెల్లూరు మండలపు దూబగుంట మొదలగు పల్లెలలో రాత్రిబడికి పోయి అక్షరములు దిద్దిన స్త్రీలు సారాదుకాణములు మూయింపజొచ్చిరి. ఆ యుద్యమము మన మండలములకును వ్యాపించెను. వారు ఏ పక్షమువారు? ఏ పక్షమువారును కారు. అన్ని పక్షములవారును వారి వెంట నడువవలసివచ్చెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. అప్పటి ముఖ్యమంత్రి కర్నూలు మండలపు కోట్ల విజయభాస్కరరెడ్డి గారు కాంగ్రెసువారు. 1995 జనవరిలో సంపూర్ణనిషేధము తెచ్చిన ఎన్.టి. రామారావు గారు తెలుగుదేశమువారు. 1997లో దానిని సడలించినదియు తెలుగుదేశమే. 1938లో కడపలో ప్రభుత్వము పైనుండి తెచ్చినది నిలువలేదు. 1954లో కర్నూలులో సభ్యులు తమలో తాము వాదించినది నిలువలేదు. 1993లో గృహములనుండి లేచిన కోరిక మాత్రము రెండు విరుద్ధపక్షములచేత నొకే పని చేయించినది. పక్షములు బండ్లవంటివి. ఎద్దులను కట్టువాడు, దారి చెప్పువాడు వేఱుగా నుండవలెను.

1985లో వచ్చిన ఫిరాయింపునిషేధశాసనము తరువాత శాసనసభ్యుని ఓటు చాలవఱకు పక్షము సొత్తయ్యెను. 1954 నాటి యొక్క ఓటు మహిమ నేడు లేదు. అది కొంత మేలు, కొంత కీడు. కాని గృహస్థుని ఓటును, గృహిణి ఓటును ఏ చట్టమును ఏ పక్షమునకును కట్టిపెట్టలేదు. ఇంటి పెద్ద చెప్పెనని, కులపెద్ద చెప్పెనని, ఊరిపార్టీ చెప్పెనని ఓటు వేయు నింట పక్షములు లేవు. కక్ష యొక్కటే యుండును. కావున సంస్కారము కోరు గృహములవారు ముఖ్యముగా మూడు పనులు చేయగలరు. ఇంటిలోని వయోజనులు తమలో తాము భిన్నముగా ఓటు వేయుటను ద్రోహముగా నెంచకుండుట మొదటిది. ఎదుటి పక్షమువాని యింటి శుభాశుభములకు పోవుట మానకుండుట రెండవది. తాము ఓటు వేసిన పక్షము గెలిచినపుడు దాని తప్పును ముందుగా తామే చెప్పుట మూడవది. ఇవి మూడును చిన్నవిగా కనబడును. కాని మన పల్లెలలో ఇవి మూడును జరిగిననాడు పార్టీ యను మాటకు రెండర్థము లుండవు.